చలి చేరని కొవ్వు



ఉద్దానం కొబ్బరి తోటల్లో ఉన్నవారికి, పలాస జీడి ఫ్యాక్టరీల్లో పప్పు వలుస్తూ రేడియో వింటున్న అక్కచెల్లెళ్లకు, నౌపడ ఉప్పు మడుల్లో ఉన్నవారికి, టెక్కలిలో, నందిగాంలో, మందసలో, వజ్రపుకొత్తూరులో ఇళ్ల దగ్గర ఉన్నవారికి, అందరికీ పేరుపేరునా నమస్కారం.

ఈ మధ్య మనవాళ్ల ఫోన్లలో ఒక ప్రకటన పదేపదే కనిపిస్తోంది. మీరూ చూసే ఉంటారు. కత్తి పెట్టం, కుట్లు వెయ్యం, మత్తు ఇవ్వం, గంటసేపు పడుకుంటే చాలు, చలితోనే మీ పొట్ట కరిగించేస్తాం అంటారు అందులో. మా నందిగాం మండలంలోనే ఒక అమ్మాయి, వరసకు నాకు అన్న కూతురు, ఆ ప్రకటన చూపించి నన్ను అడిగింది. "చిన్నాన్నా, విశాపట్నంలో చలి మిషను పెడితే పొట్ట కరిగిపోద్దంట. నిజమేనేటి?" అని. ఆ అమ్మాయికి పెళ్లి కుదిరింది. చీర కట్టుకుంటే పొట్ట కనబడుతోందని ఎవరో అన్నారట. అంతే, అప్పటినుంచి ఆ పిల్ల సరిగా అన్నం తినడం మానేసింది.

ఆ అమ్మాయికి చెప్పిన సంగతులే ఈ రోజు మీకూ చెబుతాను. ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోండి. మన పొట్ట దగ్గర కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. ఒకటి చర్మం కింద. చేత్తో పట్టుకుంటే మడతలా చిక్కేది అదే. రెండోది పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ. అది చేతికి చిక్కదు. చలి మిషను అందుకునేది చర్మం కింద ఉన్న కొవ్వునే. మనకు షుగరూ గుండెజబ్బూ తెచ్చిపెట్టడంలో పెద్ద చెయ్యి లోపలి కొవ్వుది. ఆ లోపలి కొవ్వు దగ్గరికి ఏ చలి మిషనూ చేరదు. ఈ మాట మధ్యమధ్యలో మళ్లీ చెబుతాను, ఎందుకంటే ప్రకటనలో ఎక్కడా చెప్పనిది ఇదే.

సరే, అసలు చలికి కొవ్వు ఎందుకు పోతుంది? చలికి చర్మం కదా ముందు దెబ్బతినాలి?

పుష్యమాసం ఉదయాలు గుర్తు తెచ్చుకోండి. ఉద్దానంలో మంచు కురిసిన రోజు కొబ్బరినూనె సీసా చూస్తే తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. పక్కనే కుండలో నీళ్లు మాత్రం నీళ్లలాగే ఉంటాయి. ఇంట్లో అదే చలి, అదే గూడు. నూనె గడ్డకట్టింది, నీళ్లు గడ్డకట్టలేదు. మన ఒంట్లోనూ ఇదే తేడా ఉంది. చర్మంలో, కండరంలో నీరు ఎక్కువ. కొవ్వు కణంలో కొవ్వు ఎక్కువ. నీరు గడ్డకట్టాలంటే సున్నా డిగ్రీల దాకా చల్లబడాలి. కొవ్వు కణాల్లోని కొవ్వు అంతకంటే చాలా ముందే, 10 డిగ్రీల దగ్గరే స్ఫటికాలు కట్టడం మొదలుపెడుతుంది. అందుకే లెక్క ప్రకారం చల్లబరిస్తే చర్మానికి దెబ్బ తగలకుండా కొవ్వు కణాలకు మాత్రమే దెబ్బ తగులుతుంది. ఈ చికిత్సకు మూలం ఇంతే.

ఈ సంగతి బయటపడిన తీరు కూడా వినదగ్గదే. 1970లో అమెరికా వైద్యపత్రిక ఒకదానిలో ఒక పసిపాప గురించి రాశారు. ఆ పాప పుల్లైసు చప్పరించింది. ఒకటి రెండు రోజులకు బుగ్గ మీద ఎర్రగా, గట్టిగా గడ్డలా లేచింది. పుల్లైసు తగిలిన చోట బుగ్గలోని కొవ్వు చలికి దెబ్బతిని వాచిందని వైద్యులు తేల్చారు. పసిపిల్లల కొవ్వు పెద్దవాళ్ల కొవ్వుకంటే తొందరగా గడ్డకడుతుంది. ఆ వాపు దానంతట అదే తగ్గిపోయింది. కానీ వైద్యుల మనసులో ఒక ప్రశ్న మిగిలింది. చలి కొవ్వును మాత్రమే ఏరి దెబ్బతీయగలదా?

దానికి జవాబు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో డీటర్ మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు తమ బృందంతో ముందు పందుల మీద ప్రయత్నించారు. చల్లని పలకలు ఆనించి చూశారు. చర్మం బాగానే ఉంది, కింద కొవ్వు పొర పలచబడింది. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నడుము పక్కల కొవ్వుకు ఈ యంత్రాన్ని వాడొచ్చంది. 2012లో పొట్టకు కూడా సరేనంది. తర్వాత తొడలు, గడ్డం కింద భాగం. వైద్యులు దీన్ని క్రయోలిపోలిసిస్ అంటారు. ఇప్పుడు హైదరాబాదులో, విశాఖలో చర్మవైద్యుల దగ్గర ఈ యంత్రాలు ఉన్నాయి.

చికిత్స ఎలా ఉంటుందో చెబుతాను. పడుకోబెడతారు. చర్మం కాలిపోకుండా ముందు ఒక జెల్ గుడ్డ పరుస్తారు. చలికీ చర్మం కాలుతుందండీ, నిప్పుకు కాలినంత పనీ అవుతుంది. ఆ గుడ్డ మీద కప్పు లాంటి పరికరం పెడితే అది గాలి పీల్చి కొవ్వు మడతను లోపలికి లాక్కుంటుంది. అరగంట నుంచి గంట దాకా చల్లబరుస్తుంది. మొదట గుంజుతున్నట్టు, మంటగా ఉంటుంది. కాసేపటికి మొద్దుబారిపోతుంది. తీసేశాక ఆ గట్టిపడిన మడతను చేత్తో మర్దనా చేస్తారు. ఇంటికి వెళ్లిపోవచ్చు.

అక్కడితో కొవ్వు మాయమైపోదు. దెబ్బతిన్న కణాలు మెల్లగా చచ్చిపోతాయి. ఒంట్లో చెత్త ఊడ్చే కణాలు వచ్చి వాటిని తినేస్తాయి. దానికి రెండు మూడు నెలలు పడుతుంది. చివరికి ఆ ఒక్కచోట కొవ్వు పొర మందంలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు తగ్గుతుంది. పొట్ట అంతా కాదు. ఆ కప్పు పట్టినంత మేర. తూకం మిషను ఎక్కి చూస్తే తేడా దాదాపు కనిపించదు. ఇది బరువు తగ్గించే చికిత్స కాదని, బరువు అదుపులో ఉండి ఒకటి రెండు చోట్ల మొండి మడత మిగిలినవారికే పనికొస్తుందని దీన్ని చేసే మంచి వైద్యులే చెబుతారు. ఆ మేరకు ఇది అబద్ధపు చికిత్స కాదు. పనిచేస్తుంది. చెప్పిన చిన్న పని చేస్తుంది.

పోయిన కణాలు పోతాయి కానీ, మిగిలిన కణాలు ఉంటాయి కదా. తిండి, కదలిక పాత పద్ధతిలోనే ఉంటే ఆ మిగిలినవి ఉబ్బుతాయి. డబ్బు పోతుంది, పొట్ట తిరిగొస్తుంది.

ఇక ప్రమాదాల మాట. చాలామందికి కొన్నాళ్లు ఎర్రబడడం, కమిలిపోవడం, తిమ్మిరి ఉంటాయి. అవి తగ్గుతాయి. చలి పడనివారు కొందరుంటారు, చల్లదనం తగిలితే రక్తంలోనే మార్పులు వచ్చే జబ్బులున్నవారు. వాళ్లు దీని జోలికి పోకూడదు. పొట్టలో హెర్నియా ఉన్నవారూ చేయించుకోకూడదు. అన్నిటికన్నా విచిత్రమైన ప్రమాదం ఒకటుంది. కొద్దిమందికి చలి పెట్టిన చోట కొవ్వు తగ్గడం మాని పెరుగుతుంది. కప్పు పెట్టిన ఆకారంలోనే గట్టిగా, దిమ్మలా పెరుగుతుంది. దాన్ని వైద్యులు 2014లో మొదటిసారి పత్రికలో రాశారు. వేలల్లో ఒకరికి అని మొదట అనుకున్నారు. తర్వాతి పరిశీలనల్లో అంతకంటే ఎక్కువగానే కనిపించింది. అది దానంతట అది పోదు. చివరికి ఆపరేషన్ చేసి తీయించుకోవాల్సిందే. కెనడాకు చెందిన లిండా ఎవాంజెలిస్టా పేరు మీలో కొందరు వినే ఉంటారు. ప్రపంచమంతా ముఖచిత్రాల మీద చూసిన మోడల్ ఆమె. ఈ చికిత్స తర్వాత తనకు ఇలాగే జరిగిందని, ఏళ్ల తరబడి ఇంట్లోంచి బయటికి రాలేదని 2021లో ఆమే బయటపెట్టింది. కోర్టుకెళ్లింది. మరుసటి ఏడాది ఆ కంపెనీతో రాజీ కుదిరింది. కత్తి పెట్టలేదు కాబట్టి ప్రమాదమే లేదు అనుకోవద్దు.

ఇంకొకటి. ఇంట్లోనే ఐసు ముక్కలు కట్టుకుని పడుకుంటే సరిపోదా అని అడిగేవారున్నారు. వద్దు. దయచేసి వద్దు. ఎంత చలి, ఎంతసేపు అనే లెక్క తప్పితే ముందు కాలేది చర్మమే. బ్యూటీపార్లర్లో పెట్టిన ఊరూపేరూ లేని మిషన్లకూ ఇదే మాట. చర్మవైద్యంలో చదువున్న డాక్టరు చెయ్యాలి, ఆ డాక్టరు ముందు మీ ఒళ్లు పరీక్షించాలి, మీ జబ్బుల గురించి అడగాలి. అడగకుండా డబ్బు కట్టించుకునే చోట ఒక్క నిమిషం కూడా కూర్చోకండి.

ఇంత చెప్పాక అసలు విషయానికి వస్తాను.

చర్మం కింద కొవ్వు తగ్గితే షుగరు తగ్గుతుందా? గుండెకు మేలా? ఈ ప్రశ్నకు గట్టి జవాబు ఒకటుంది. అది చలి చికిత్స మీద చేసిన పరిశోధన నుంచి వచ్చింది కాదు, అంతకంటే పెద్ద చికిత్స మీద చేసిన పరిశోధన నుంచి వచ్చింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పొట్ట లావుగా ఉన్న 15 మంది ఆడవాళ్లకు గొట్టంతో కొవ్వు లాగేశారు. లైపోసక్షన్ అంటారు దాన్ని. ఒక్కొక్కరి ఒంట్లోంచి సుమారు 10 కిలోల కొవ్వు తీశారు. పది కిలోలు! చలి మిషను ఎన్నిసార్లు పెట్టినా అంత తియ్యలేదు. రెండు మూడు నెలల తర్వాత పరీక్షలు చేశారు. ఇన్సులిన్ పని మెరుగుపడలేదు. బీపీ మారలేదు. రక్తంలో కొవ్వులూ మారలేదు. 2004లో ఈ ఫలితం అచ్చయింది. పది కిలోల కొవ్వు పోయినా రక్తపరీక్ష మారలేదు. ఎందుకంటే తీసింది చర్మం కింది కొవ్వు. లోపలిది లోపలే ఉంది.

అదే పది కిలోలు తిండి తగ్గించి, నడిచి, కష్టపడి తగ్గించుకున్నవారికి మాత్రం షుగరు తగ్గుతుంది, బీపీ తగ్గుతుంది. అలా తగ్గేటప్పుడు లోపలి కొవ్వు కూడా కరుగుతుంది. పైగా అది కాస్త ముందే కరుగుతుంది.

ఇప్పుడు మన ఒంటి సంగతి. మన దేశపు ఒంటి సంగతి.

పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అనే వైద్యుడున్నారు. షుగరు జబ్బు మీద పల్లెల్లో దశాబ్దాలుగా పనిచేశారు. లండన్‌లో ఆయన మిత్రుడు జాన్ యుడ్కిన్, ఆయనా వైద్యుడే. ఇద్దరూ కలిసి 2004లో తమ ఫోటోలు పక్కపక్కన పెట్టి అచ్చువేయించారు. ఎత్తుకు తగ్గ బరువు కొలత, బీఎంఐ అంటాం, అది ఇద్దరికీ సరిగ్గా ఒకటే. 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. కానీ ఒంట్లో కొవ్వు ఎంత ఉందో ఎక్స్‌రే లాంటి యంత్రంతో చూస్తే యుడ్కిన్ ఒంట్లో 9 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21 శాతం. బరువు ఒకటే. కొవ్వు రెట్టింపుకు మించి. ఆ తేడా ఎక్కడిది? ఒకరి ఒంట్లో కండ ఎక్కువ, ఒకరి ఒంట్లో కండ తక్కువ.

మన పల్లెల్లో చూడండి. చేతులు సన్నగా, కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం ముందుకు. "మాకేటి లావు, కర్రల్లాగున్నాం" అంటారు. తూకం వేస్తే 58 కిలోలో 60 కిలోలో. బరువు సరిగ్గా ఉందని ఇంటికి పంపిస్తారు. ఆ మనిషికి షుగరు ఉందని కొన్నేళ్లకు బయటపడుతుంది. సన్నగా ఉన్నవాళ్లకూ షుగరెందుకు వస్తోందని మనం ఆశ్చర్యపోతాం. ఆ మనిషి సన్నగా ఉన్నది పైకే. 2023లో వెలువడిన జాతీయ సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి పొట్ట హద్దు మీరి ఉందని తేలింది. బీఎంఐ లెక్కన లావుగా ఉన్నవారు ముగ్గురి కంటే తక్కువే. అంటే బరువు సరిపడా ఉండి, పొట్ట మాత్రం ఎక్కువున్నవారు మనలో చాలామంది ఉన్నారు.

ఇది ఎక్కడ మొదలవుతుందో తెలుసా? తల్లి కడుపులో. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. మన పిల్లలు 800 గ్రాములు తక్కువ. కానీ వీపు మీద చర్మం కింద కొవ్వు కొలిస్తే మన పిల్లలు ఇంచుమించు వాళ్లకు సమానం. తగ్గిన 800 గ్రాములు ఎక్కడ తగ్గాయి? కండలో తగ్గాయి, లోపలి అవయవాల్లో తగ్గాయి. తల్లికి తిండి చాలనప్పుడు బిడ్డ ఒళ్లు కొవ్వును కాపాడుకుని కండను వదులుకుంది.

మన తెలుగు పల్లెల్లోనూ దీని మీద గొప్ప పని జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా ఆ చుట్టుపక్కల 29 ఊళ్లు ఎంచుకుంది. సగం ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా లాంటి బలమైన తిండి పెట్టారు. మిగతా ఊళ్లలో అప్పటికి ఆ పథకం రాలేదు. పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి పరీక్షించారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు ఒకటిన్నర సెంటీమీటర్ దాకా పొడుగు పెరిగారు. కొవ్వు పాళ్లలో రెండు రకాల ఊళ్ల పిల్లలకూ పెద్ద తేడా లేదు. కానీ తిండి అందిన పిల్లల ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. తల్లి కడుపులో ఉండగా, పసితనంలో తిన్న ఆ ఉప్మా పదిహేనేళ్ల తర్వాత కూడా ఆ పిల్లలను కాస్తోంది. అంగన్వాడీలో పెట్టే గుడ్డునూ, పాలనూ చిన్నచూపు చూసేవారికి ఈ సంగతి చెప్పండి.

అందుకే మా అన్న కూతురి విషయంలో నాకు బాధ కలిగింది. రేపు ఆ పిల్ల తల్లి కావలసిన పిల్ల. అప్పట్లో పెళ్లి కోసం పూటకు రెండు బిస్కెట్లు తిని గడిపేది. అలా కడుపు మాడ్చుకుంటే తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. పెళ్లయ్యాక మళ్లీ తింటే తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే. సన్నబడిన కొన్ని నెలలకే ముందుకంటే కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉన్న ఒళ్లు మిగులుతుంది. ఆ ఒంట్లో పెరిగే బిడ్డకు ఏం అందుతుంది?

ఆడపిల్లల ఒంటి మీద మనం వేసే మాటలు చిన్నవి కావు. మన తెలుగువాళ్లు ఎంతో ఇష్టపడిన నటి ఆర్తీ అగర్వాల్. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్' సినిమాతో మన ఇళ్లలో పిల్ల అయిపోయింది. బరువు పెరిగిందని ఆమె గురించి ఎన్ని మాటలన్నారో ఆనాటి వారికి గుర్తుండే ఉంటుంది. కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుంది. కొన్ని వారాలకు, 2015 జూన్‌లో, అమెరికాలో కన్నుమూసింది. 31 ఏళ్లు. ఊపిరి ఆడక బాధపడిందని ఆమె దగ్గరివారు చెప్పారు. ఆ ఏడాది నవంబరులోనే లావుగా ఉన్న అమ్మాయి కథతో, బరువు తగ్గిస్తామనే క్లినిక్ మోసం చుట్టూ నడిచిన 'సైజ్ జీరో' సినిమా వచ్చింది. అనుష్క ఆ పాత్ర కోసం బరువు పెరిగింది. ఆ సినిమా చూసి మెచ్చుకున్నవాళ్లమే పెళ్లిచూపుల్లో కూర్చుని పిల్ల నడుము గురించి మాట్లాడుతున్నాం. అత్తలూ, పిన్నులూ, మేనమామలూ, ఈ మాట మీతోనే అంటున్నాను. ఆ మాటలు మానండి. ఆ మాటల వల్ల పిల్లలు మందుల కొట్లకు, ఫోన్ ప్రకటనలకు పోతున్నారు.

ఉద్దానంలో ఉన్నవాళ్లకు ఇంకొక జాగ్రత్త చెప్పాలి. ఇది మరెక్కడి రేడియోలోనూ చెప్పరు, మన దగ్గరే చెప్పాలి.

మన దగ్గర కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ ఊరు వెళ్లినా ఆ ఇల్లు ఈ ఇల్లు చూపిస్తారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి వచ్చాయి. హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చారు. అయినా ప్రతి ఇంట్లో ఆ భయం ఉంది.

ఇలాంటి చోట సన్నబడే పొడులు, ఊరూపేరూ లేని ఆకుమందులు, కండ పెంచే ప్రొటీన్ డబ్బాలు చాలా ప్రమాదం. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ డబ్బాలు వాడొద్దని, వాటిని ఎక్కువకాలం వాడితే కిడ్నీకి హాని అని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో అందరికీ చెప్పింది. అందరికీ చెప్పిన మాట ఉద్దానానికి పదింతలు వర్తిస్తుంది. కుర్రాళ్లు వినండి. విశాఖలోనో హైదరాబాదులోనో జిమ్‌కి వెళ్లి అక్కడెవరో ఇచ్చిన డబ్బా తెచ్చుకునే ముందు ఒక్కసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోండి.

కండ గురించి ఇంకో సంగతి ఉంది. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష మన దగ్గర పసిపిల్లాడికి కూడా తెలుసు. క్రియాటినిన్ ఎక్కడినుంచి వస్తుంది? కండలోంచి వస్తుంది. కండ తక్కువ ఉన్న మనిషిలో క్రియాటినిన్ పుట్టడమే తక్కువ. అందుకని బాగా చిక్కిపోయిన ముసలివాళ్లకు కిడ్నీ దెబ్బతింటున్నా కాగితం మీద అంకె బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. కాబట్టి మీ ఇంట్లో చిక్కిపోయిన పెద్దవాళ్లుంటే ఆ ఒక్క అంకె చూసి ఊరుకోకండి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని కూడా చూడమని డాక్టరును అడగండి.

అలాగే ముఖం ఉబ్బినా, పాదాలు వాచి వేలితో నొక్కితే గుంట పడినా అది లావు కాదు, నీరు. దాన్ని తగ్గించుకోవడానికి పస్తులుండకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. చలి మిషను దగ్గరికి కాదు.

మరి లోపలి కొవ్వు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? స్కానింగు అక్కర్లేదు. వేల రూపాయలు అక్కర్లేదు. ఒక పురికొస ముక్క చాలు. జాగ్రత్తగా వినండి, రెండుసార్లు చెబుతాను.

పురికొసతో అరికాలి నుంచి నడినెత్తి దాకా మీ ఎత్తు కొలవండి. అంతవరకు కత్తిరించండి. దాన్ని సగానికి మడవండి. ఆ సగం పురికొసను నడుము చుట్టూ తిప్పండి. చీర కుచ్చిళ్ల మీద, లుంగీ ముడి మీద కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, బట్ట తప్పించి. ఊపిరి వదిలేశాక చూడండి. పొట్ట లోపలికి బిగబట్టకండి, మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నట్టవుతుంది. రెండు కొసలూ కలిస్తే మంచిది. కలవకపోతే పొట్ట హద్దు దాటింది.

మళ్లీ చెబుతున్నాను. మీ ఎత్తంత పురికొస. సగానికి మడత. నడుము చుట్టూ. కలిస్తే మంచిది, కలవకపోతే హద్దు దాటినట్టే. దర్జీ టేపు ఉంటే మన దేశపు వైద్యులు పెట్టిన హద్దు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు. గర్భిణులకు ఈ కొలత వర్తించదు.

హద్దు దాటినవారు ఏం చెయ్యాలి? మనకు రెండు పనులు కావాలి. లోపలి కొవ్వు తగ్గాలి, కండ పెరగాలి. మనం తిన్న అన్నంలోంచి రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని దాచుకునేది కండే. కండ తగ్గిన ఒంట్లో ఆ చక్కెరకు చోటు తక్కువ.

మీరు అంటారు, మేము రోజంతా కష్టపడుతూనే ఉన్నాం కదా అని. కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్లకు, వల లాగేవాళ్లకు నేను వ్యాయామం చెప్పను. కానీ జీడి ఫ్యాక్టరీలో పప్పు వలిచే అక్కల మాట వేరు. ఉదయం కూర్చుంటే సాయంత్రం దాకా కూర్చునే పని. వేళ్లు అలసిపోతాయి, ఒళ్లు కదలదు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. పీట మీదనుంచి, చేత్తో ఆనకుండా, పదిసార్లు లేచి కూర్చోండి. తొడల్లో మన ఒంట్లోకెల్లా పెద్ద కండరాలున్నాయి. వాటికి పని చెప్పే తేలికైన మార్గం ఇదే. ఫ్యాక్టరీ నడిపే యజమానులు వింటుంటే, ఆ రెండు నిమిషాలు ఇవ్వండి. మీ పనివాళ్లు నాలుగు కాలాలు మీ దగ్గర పనిచేస్తారు.

భోజనం అయ్యాక పావుగంట నడక షుగరు మీద బాగా పనిచేస్తుంది. కంచంలో అన్నం కాస్త తగ్గించి ఉలవచారో, పప్పో, గుడ్డో, చేపో పెంచండి. మన తాతలు తాగిన చోడి అంబలి, గంటి అన్నం మళ్లీ పొయ్యి మీదికి రావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క వేరు. వాళ్లు పప్పు, చేప ఎంత తినాలో, కొబ్బరినీళ్లు తాగొచ్చో లేదో వాళ్ల డాక్టరే చెప్పాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. కొబ్బరి సీమలో పుట్టి ఈ మాట చెప్పాలంటే నాకు కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పాలి.

మా అన్న కూతురు చలి మిషను మాట మానేసింది. మూడు పూటలా తింటోంది. పొద్దున్న వాళ్ల నాన్నతో కలిసి నడుస్తోంది. నడుము కొలత కొద్దిగానే తగ్గిందట. చాలు.

డబ్బు చేతిలో ఉండి, ఒళ్లు బాగుండి, ఒక మడత మాత్రం తీయించుకోవాలని మనస్ఫూర్తిగా అనుకునేవారిని నేను తప్పుపట్టను. చదువుకున్న డాక్టరు దగ్గరికి వెళ్లండి, దానివల్ల రాగల నష్టమూ అడిగి తెలుసుకుని వెళ్లండి. షుగరు తగ్గుతుందని, గుండె బాగుపడుతుందని మాత్రం వెళ్లకండి.

మిగిలిన మనందరికీ నా విన్నపం ఒక్కటే. ఈ రాత్రికే ఇంట్లో అందరి నడుమూ పురికొసతో కొలవండి. కొసలు కలవనివారిని, ముప్పై ఏళ్లు దాటినవారిని ఈ వారంలోనే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి షుగరు, బీపీ, మూత్రపరీక్ష చేయించండి.